గ్రీకు జ్యామితి: తరచుగా అడిగే ప్రశ్నలు

తొమ్మిదో తరగతి లెక్కల్లో గ్రీకు గణితవేత్త యూక్లిడ్ పేరు రాగానే పిల్లలు అడిగే మాట ఒకటే: "రెండు వేల మూడొందల ఏళ్ల నాటి మనిషి చెప్పింది ఇప్పుడు మాకెందుకు సార్?" లెక్కలు చెప్పే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు ఏటా ఎదురవుతుంది. పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, డిగ్రీ చదివే కుర్రాళ్లు అడిగినవన్నీ కూడదీసి ఇక్కడ జవాబులు రాశాను. కొన్నిటికి రెండు మాటలు చాలు. కొన్నిటి దగ్గర కాసేపు కూర్చోవాలి. తెల్లకాగితం, పెన్సిలు, జామెట్రీ బాక్సు పక్కన పెట్టుకుని చదవండి.

ఈ గ్రీకు జ్యామితి పని అంతా ఏథెన్స్‌లో జరిగిందా?

కాదు. తొలి గ్రీకు గణితవేత్తల్లో ఒకడైన థేలీస్ ఊరు మిలేటస్, ఇప్పటి టర్కీ పడమటి తీరంలో ఉంది. పైథాగరస్ సేమోస్ దీవిలో పుట్టి, దక్షిణ ఇటలీలోని క్రోటన్‌లో శిష్యబృందాన్ని నడిపాడు. యూక్లిడ్ పనిచేసింది ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో. ఆర్కిమెడీస్‌ది సిసిలీ దీవిలోని సిరక్యూస్. వీళ్లందరినీ కలిపింది దేశం కాదు, గ్రీకు భాష. క్రీ.పూ. 6వ శతాబ్దం నుంచి క్రీ.శ. 5వ శతాబ్దం దాకా, సుమారు వెయ్యేళ్ల పాటు ఈ పని సాగింది.

యజ్ఞవేదికలు పేర్చిన మనవాళ్లకు, పిరమిడ్లు కట్టినవాళ్లకు జ్యామితి ముందే తెలుసు కదా. గ్రీకులు కొత్తగా చేసిందేమిటి?

తెలుసు, బాగా తెలుసు. బాబిలోనియాలో సుమారు 3,700 ఏళ్ల కిందట ఎవరో అరచేతిలో పట్టే మట్టిపలక మీద ఒక చతురస్రం గీసి, దాని కర్ణం పక్కన √2 విలువను మన లెక్కలో ఐదు దశాంశ స్థానాల దాకా సరిపోయేలా చెక్కారు. లంబకోణ త్రిభుజం గురించి మనం బడిలో చదివే సిద్ధాంతమే బౌధాయన శుల్బసూత్రంలో దీర్ఘచతురస్రపు కర్ణానికి అన్వయించి స్పష్టంగా ఉంది. √2 విలువకు అందులో ఇచ్చిన సూత్రం కూడా ఐదు దశాంశ స్థానాల దాకా సరిపోతుంది. శుల్బం అంటే తాడు. తాడు, మేకులతో అంత కచ్చితమైన వేదికలు కట్టినవాళ్లకు కోణాలు తెలియవని ఎవరూ అనలేరు.

తేడా వాళ్లు వేసుకున్న ప్రశ్నలో ఉంది. ఒక వడ్రంగికి రెండు పక్కలు సమానంగా ఉన్న త్రిభుజం చూపించి కింది కోణాలు రెండూ సమానమేనా అని అడగండి. "చూస్తే తెలియట్లేదా?" అంటాడు. నిజమే, కొలిచి చూసినా సమానమే వస్తాయి. గ్రీకులు అక్కడ ఆగి, కొలవని త్రిభుజాల మాటేమిటి అని అడిగారు. వంద త్రిభుజాలు కొలిచినా వంద గురించే తెలుస్తుంది. ఇంకా ఎవరూ గీయని త్రిభుజానికి కూడా ఇది వర్తిస్తుందని చెప్పాలంటే కొలత పనికిరాదు, కారణం కావాలి. ఆ కారణానికి మళ్లీ కారణం అడుగుతూ వెనక్కి వెళ్తే ఎక్కడో ఒక చోట "ఇవి ఒప్పుకుని మొదలుపెడదాం" అనక తప్పదు. ఒప్పుకున్నవి ఏవో ముందే బయటపెట్టి, ఆ తర్వాత వాటి మీద మాత్రమే ఆధారపడి మిగతాదంతా నిరూపించడం వాళ్ల పద్ధతి. నా దృష్టిలో వాళ్లు మనకిచ్చిన అసలు ఆస్తి అదే, బొమ్మలూ సూత్రాలూ కాదు.

అలాగని నిరూపణ గ్రీకుల సొంతం అనుకోవద్దు. మన గణిత వ్యాఖ్యానాల్లో ఉపపత్తి అనే సంప్రదాయం ఉంది. 16వ శతాబ్దంలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన 'యుక్తిభాష' నిండా నిరూపణలే. మన పుస్తకాల అమరిక మాత్రం వేరు. మహావీరాచార్యుడి 'గణితసార సంగ్రహం'లో క్షేత్రగణితానికి ఒక అధ్యాయమే ఉంది. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన ఆ పుస్తకాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నియమం, దాని ఉదాహరణ, లెక్క చేసే తీరు అక్కడ ముఖ్యం. గ్రీకులు ఒక మెట్టు మీద ఇంకో మెట్టుగా పేర్చుకుంటూ పోయారు. ఇక సున్నా, స్థానవిలువ, బీజగణితం గ్రీకుల నుంచి రాలేదు. గణితం మొత్తం ఒక్క దేశం నుంచి వచ్చిందనే వాదన, ఎవరు ఏ దేశం తరఫున చేసినా, నాకు సమ్మతం కాదు.

√2 విషయంలో అంత గొడవ ఎందుకు?

బౌధాయనుడు, బాబిలోనియా లేఖకుడు √2కి చాలా దగ్గరి విలువలు చెప్పారు. ఎంత కష్టపడ్డా కచ్చితమైన భిన్నం దొరకదని చూపించింది గ్రీకులు. ఆ నిరూపణ చిన్నది. ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

√2 ఒక భిన్నమే అనుకుందాం. కొట్టివేతలన్నీ అయిపోయి, అది అతి సూక్ష్మ రూపంలో ఉందనుకుందాం. అంటే లవం, హారం రెండూ సరిసంఖ్యలు కాలేవు. అలా అయితే ఇంకోసారి 2తో కొట్టేసి ఉండేవాళ్లం. ఇప్పుడు రెండు వైపులా వర్గం చేస్తే, లవం వర్గం హారం వర్గానికి రెట్టింపు అవుతుంది. అంటే లవం వర్గం సరిసంఖ్య. బేసి సంఖ్య వర్గం ఎప్పుడూ బేసే కాబట్టి లవం కూడా సరిసంఖ్యే కావాలి. సరిసంఖ్య వర్గాన్ని 4 నిశ్శేషంగా భాగిస్తుంది. హారం వర్గం అందులో సగం, కనుక అది కూడా సరిసంఖ్య. అంటే హారం కూడా సరిసంఖ్యే. రెండూ సరిసంఖ్యలు కాలేవని కదా మొదలుపెట్టాం! కాబట్టి అలాంటి భిన్నమే లేదు.

కంప్యూటర్ పెట్టి కోట్ల భిన్నాలు సరిచూసినా ఈ మాట చెప్పలేం. ఆలోచన ఒక్కటే చెప్పగలదు. ఈ రహస్యం బయటపెట్టినందుకు హిప్పాసస్ అనే పైథాగరస్ శిష్యుడు సముద్రంలో మునిగి చనిపోయాడని ఒక కథ తిరుగుతుంది. అది చాలా కాలం తర్వాత పుట్టిన కథ, చరిత్రగా చెప్పకండి. నిజంగా జరిగింది ఆ కథ కన్నా గొప్పది. పొడవుల నిష్పత్తులన్నీ పూర్ణసంఖ్యలతో చెప్పవచ్చనే నమ్మకం కూలిపోయాక, గ్రీకు గణితవేత్త యూడోక్సస్ అలా చెప్పలేని పొడవులకు కూడా పనికొచ్చే నిష్పత్తి సిద్ధాంతాన్ని కట్టాడు. యూక్లిడ్ పుస్తకంలో ఐదో భాగం అదే. 1872లో జర్మనీ గణితవేత్త డెడికిండ్ కరణీయ సంఖ్యలకు, అంటే √2లా భిన్నంగా రాయలేని సంఖ్యలకు, నిర్వచనం ఇచ్చినప్పుడు, ఆ పాత ఆలోచనకు చాలా దగ్గరగా వెళ్లాడు.

యూక్లిడ్ పుస్తకంలో అసలేముంది?

పేరు 'ఎలిమెంట్స్', అంటే మూలాంశాలు. క్రీ.పూ. 300 ప్రాంతంలో తయారైంది. మొత్తం 13 భాగాలు, 465 ప్రతిపాదనలు. అందులో ఉన్నదంతా ఆయన కనిపెట్టింది కాదు. ముందువాళ్ల పనిని ఏరి, ఒక క్రమంలో పేర్చాడు. ఆ క్రమమే ఆయన ప్రతిభ. చాలామందికి తెలియని సంగతి, ఇది బొమ్మల పుస్తకం మాత్రమే కాదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది భాగాలు పూర్తిగా సంఖ్యల గురించే. ప్రధాన సంఖ్యలకు అంతు లేదనే నిరూపణ తొమ్మిదో భాగంలో ఉంది. భాగహారం చేస్తూ పోయి గ.సా.భా. కనుక్కునే పద్ధతి ఏడో భాగం మొదట్లోనే ఉంది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో సందేశాలను రహస్యంగా పంపే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో తాళంచెవులు తయారు చేసేటప్పుడు కంప్యూటర్లు వాడేది ఆ భాగహారపు పద్ధతినే, కాస్త విస్తరించి.

ఒక ప్రతిపాదన చూపిస్తారా?

మొట్టమొదటిదే చూద్దాం. ఇచ్చిన గీత మీద సమబాహు త్రిభుజం గీయాలి. గీత చివరలకు క, ఖ అని పేర్లు పెట్టండి. క కేంద్రంగా, క నుంచి ఖ దాకా వ్యాసార్థంగా ఒక వృత్తం గీయండి. ఖ కేంద్రంగా అదే వ్యాసార్థంతో ఇంకో వృత్తం. రెండూ ఖండించుకున్న చోటు గ. క నుంచి గ దూరం మొదటి వృత్తానికి వ్యాసార్థం, కాబట్టి అసలు గీతకు సమానం. ఖ నుంచి గ దూరం రెండో వృత్తానికి వ్యాసార్థం, అదీ అసలు గీతకు సమానం. ఒకే దానికి సమానమైనవి ఒకదానికొకటి సమానం. మూడు భుజాలూ సమానమయ్యాయి.

చక్కగా ఉంది కదా? ఇప్పుడు క్లాసులో నేను తప్పకుండా అడిగే ప్రశ్న: ఆ రెండు వృత్తాలు ఖండించుకుంటాయని ఎవరు చెప్పారు? బొమ్మలో కనబడుతోంది, అంతే. యూక్లిడ్ ముందుగా ఒప్పుకున్న స్వీకృతాల్లో ఆ మాట లేదు. √2 ప్రశ్నలో చూసిన కరణీయ సంఖ్యలను తీసేసి, భిన్నాలతో చెప్పగలిగే బిందువులే ఉన్న తలాన్ని ఊహించుకోండి. క, ఖలను 0, 1 దగ్గర పెడితే గ ఎత్తు √3లో సగం అవుతుంది. అది భిన్నం కాదు. అంటే ఆ తలంలో గ అనే బిందువే ఉండదు, వృత్తాలు ఒకదాన్నొకటి తాకకుండా దాటిపోతాయి. మొదటి పేజీలోనే ఇలాంటి ఖాళీ ఉంది. ఇలాంటివన్నీ పూడ్చి, స్వీకృతాలను పూర్తిగా కొత్తగా రాసినవాళ్లలో ముఖ్యుడు జర్మనీ గణితవేత్త హిల్బర్ట్. ఆయన పుస్తకం 1899లో వచ్చింది. యూక్లిడ్‌ను తప్పుపట్టడానికి వాడిన కొలబద్ద కూడా యూక్లిడ్ ఇచ్చిందేనని పిల్లలకు చెబుతుంటాను. ఒప్పుకోని మాటను నిరూపణలో వాడకూడదనే నియమం పెట్టింది ఆయనే మరి.

పైథాగరస్ సిద్ధాంతం నిరూపణ బట్టీ పట్టాల్సిందేనా?

వద్దు. చిన్నప్పుడు నేను అలాగే పట్టాను. పరీక్షలో మార్కులు వచ్చాయి. ఏడాది తిరిగాక త్రిభుజాన్ని పక్కకు తిప్పి గీసి అడిగితే ఒక్క వాక్యం రాలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇలా ఆలోచించండి. లంబకోణ శీర్షం నుంచి కర్ణం మీదికి లంబం దించితే త్రిభుజం రెండు చిన్న త్రిభుజాలుగా విడిపోతుంది. కోణాలు చూసుకుంటే ఆ రెండూ పెద్దదానికి సరూపాలు. పెద్దదాని కర్ణం అసలు కర్ణమే. చిన్నవాటి కర్ణాలు అసలు త్రిభుజపు మిగతా రెండు భుజాలు. సరూప త్రిభుజాల వైశాల్యాలు కర్ణాల వర్గాల నిష్పత్తిలో ఉంటాయి. రెండు చిన్న త్రిభుజాలూ కలిస్తే పెద్దది. కాబట్టి రెండు భుజాల వర్గాలూ కలిస్తే కర్ణం వర్గం. నిరూపణ అయిపోయింది. ఒకసారి అర్థమైతే ఇది మరిచిపోవడం కష్టం.

స్కేలు మీద అంకెలు వాడకూడదంటారు, ఎందుకు?

యూక్లిడ్ స్వీకృతాలు ఇచ్చిన పనిముట్లు రెండే. గీత గీయడానికి అంకెలు లేని బద్ద, వృత్తం గీయడానికి వృత్తలేఖిని. వీటితోనే చేయాలన్న పట్టుదల నుంచి మూడు మొండి సమస్యలు పుట్టాయి. ఘనాన్ని రెట్టింపు చేయడం, ఏ కోణాన్నైనా మూడు సమభాగాలు చేయడం, వృత్తానికి సమాన వైశాల్యమున్న చతురస్రం గీయడం. రెండు వేల ఏళ్లు ఎవరికీ చేతకాలేదు. మొదటి రెండూ అసాధ్యమని 1837లో ఫ్రాన్స్‌కు చెందిన వాంట్జెల్ నిరూపించాడు. మూడోది అసాధ్యమని 1882లో లిండెమన్ చేసిన పనితో తేలింది. "కోణాన్ని మూడు భాగాలు చేసే పద్ధతి కనిపెట్టాను" అంటూ ఇప్పటికీ ఎవరో ఒకరు ముందుకొస్తారు. వాళ్లకు నా మనవి, "ఇంకా ఎవరూ చేయలేదు" అనే మాట వేరు, "ఎవరూ చేయలేరని నిరూపించారు" అనే మాట వేరు. అయితే ఆ మూడు సమస్యల మీద పడిన శ్రమ వృథా పోలేదు. ఘనాన్ని రెట్టింపు చేసే ప్రయత్నంలోనే గ్రీకు గణితవేత్త మెనైక్మస్ చేతికి పరావలయం (విసిరిన బంతి గీసే వంపు) లాంటి వక్రాలు చిక్కాయి.

ఆ వక్రాలతో ఎవరికేం లాభం?

చాలా కాలం దాకా పెద్దగా లేదు. పెర్గా ఊరివాడు అపొలోనియస్ వాటి మీద ఎనిమిది భాగాల గ్రంథం రాశాడు. దీర్ఘవృత్తం, పరావలయం, అతిపరావలయాలకు యూరప్ భాషల్లో నేటికీ నడుస్తున్న పేర్లు ఆయన పెట్టినవే. నాలుగు భాగాలు గ్రీకులో మిగిలాయి, మూడు అరబిక్ అనువాదంలో దక్కాయి, చివరిది పోయింది. సుమారు 1,800 ఏళ్ల తర్వాత, 1609లో, కుజుడు సూర్యుడి చుట్టూ తిరిగే దారి దీర్ఘవృత్తమని కెప్లర్ ప్రకటించాడు. ఆయనకు కావలసిన జ్యామితి అప్పటికే సిద్ధంగా ఉంది. "ఇది ఎక్కడ పనికొస్తుంది?" అని ఆరో తరగతి నుంచే టెన్షన్ పడే తల్లిదండ్రులకు నేను ఈ సంగతే చెబుతాను.

'పై' విలువ 22/7 అని ఎవరు చెప్పారు?

సమానం అని ఎవరూ చెప్పలేదు. 22/7 కన్నా కొంచెం తక్కువ అని ఆర్కిమెడీస్ నిరూపించాడు. వృత్తం లోపల ఒక షడ్భుజి, బయట ఒక షడ్భుజి గీసి, భుజాలను 12, 24, 48, 96 దాకా రెట్టింపు చేసుకుంటూ పోయాడు. వృత్త పరిధి ఆ రెంటి చుట్టుకొలతల మధ్య ఇరుక్కుంటుంది. ఫలితంగా, పరిధి వ్యాసానికి 3 1/7 రెట్ల కన్నా తక్కువ, 3 10/71 రెట్ల కన్నా ఎక్కువ. దశాంశాలు లేవు, స్థానవిలువ లేదు. వర్గమూలాలన్నీ చేత్తో కట్టాడు. పైగా ప్రతి మెట్టులోనూ తప్పు ఏ వైపుకు పోతుందో చూసుకుంటూ కట్టాడు. ఇక్కడ మన ఆర్యభటుడినీ తలచుకోవాలి. తాను ఇచ్చిన 62832/20000 విలువను ఆయన 'ఆసన్నం' అన్నాడు, అంటే దగ్గరిది అని. అంత నిజాయితీగా చెప్పిన మాటను బడిలో మనం "'పై' ఈజ్ ఈక్వల్ టు 22/7" అని నేర్పిస్తున్నాం. ఇది మానాలి.

ఐదో స్వీకృతం గురించి అంత చర్చ ఎందుకు?

మిగతా నాలుగు చిన్నవి. రెండు బిందువులను గీతతో కలపవచ్చు, గీతను పొడిగించవచ్చు, వృత్తం గీయవచ్చు, లంబకోణాలన్నీ సమానం. ఐదోది ఒక పేరా. ఒక సరళరేఖ మరో రెండిటిని ఖండించినప్పుడు, ఒకే వైపు ఉన్న అంతరకోణాల మొత్తం రెండు లంబకోణాల కన్నా తక్కువైతే, ఆ రెండు రేఖలూ ఆ వైపుకు పొడిగిస్తే ఎక్కడో కలుస్తాయి. యూక్లిడ్‌కే దీని మీద సంకోచం ఉందేమో అనిపిస్తుంది. మొదటి 28 ప్రతిపాదనల్లో దాన్ని ముట్టుకోడు.

ఇది స్వీకృతంలా లేదు, సిద్ధాంతంలా ఉంది, మిగతా నాలుగింటి నుంచే నిరూపించేయాలి అని తరతరాలు ప్రయత్నించాయి. పర్షియా గణితవేత్తలు ఒమర్ ఖయ్యాం, నసీరుద్దీన్ తూసీ ఆ పని మీద కూర్చున్నారు. 1733లో ఇటలీ మతగురువు సక్కేరీ, ఐదోది తప్పనుకుంటే ఎక్కడో వైరుధ్యం వస్తుందని చాలా దూరం నడిచాడు. అసలైన వైరుధ్యం రాలేదు. వచ్చిందని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. హంగరీలో ఫర్కాష్ బోయాయ్ తన జీవితాన్ని దీనికి ధారపోసి, నువ్వు మాత్రం ఈ జోలికి పోవద్దని కొడుకు యానోష్‌ను బతిమాలాడు. కొడుకు వినలేదు. 1832లో తండ్రి పుస్తకానికి అనుబంధంగా, ఐదో స్వీకృతం లేని కొత్త జ్యామితిని అచ్చువేశాడు. రష్యాలోని కజాన్‌లో లొబచేవ్‌స్కీ 1829లోనే అదే చోటికి చేరాడు. ఆ జ్యామితిలో త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీల కన్నా తక్కువ. 1868లో బెల్ట్రామీ చూపించిందేమిటంటే, యూక్లిడ్ జ్యామితిలో వైరుధ్యం లేకపోతే ఇందులోనూ ఉండదు. 1854లో రీమన్ ఇంకా ముందుకు వెళ్లి చోటుచోటుకూ వంపు మారే తలాల గురించి ఆలోచించాడు. 1915లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణను వివరించింది ఆ రీమన్ గణితంతోనే.

పిల్లలు దీన్ని "యూక్లిడ్ తప్పు" అని రాస్తుంటారు. తప్పు కాదు. దాన్ని నిరూపించలేమని గుర్తించి స్వీకృతంగా పెట్టిన ఆయన నిర్ణయమే సరైనదని తేలింది.

ఈ పుస్తకం మన దేశానికి ఎప్పుడొచ్చింది?

చుట్టూ తిరిగి వచ్చింది. అలెగ్జాండ్రియా నుంచి బాగ్దాద్ చేరి అరబిక్‌లోకి మారింది. 12వ శతాబ్దంలో అరబిక్ నుంచి లాటిన్‌లోకి వెళ్లింది. 1482లో వెనిస్‌లో మొదటిసారి అచ్చయింది. మన దేశంలో, 18వ శతాబ్దం తొలినాళ్లలో జైపూర్ రాజు సవాయ్ జైసింగ్ కొలువులోని జగన్నాథ సమ్రాట్, తూసీ అరబిక్ పాఠం ఆధారంగా దీన్ని సంస్కృతంలోకి తెచ్చాడు. ఆ గ్రంథం పేరు 'రేఖాగణితం'. తెలుగులో మన పెద్దవాళ్లు జామెట్రీని పిలిచిన మాట కూడా అదే.

ఆడవాళ్లెవరూ లేరా?

హైపేషియా ఉంది. యూక్లిడ్ పుస్తకాన్ని సరిచూసి ప్రతి తయారుచేసిన థియాన్ ఆమె తండ్రి. అపొలోనియస్ గ్రంథానికి ఆమె వ్యాఖ్యానం రాసింది, అలెగ్జాండ్రియాలో పాఠాలు చెప్పింది. క్రీ.శ. 415లో అల్లరిమూకలు ఆమెను చంపేశాయి. ఆమె రాసిన వ్యాఖ్యానం మనకు దక్కలేదు.

పిల్లలతో చేయించదగినది ఏదైనా చెప్పండి.

గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ భూమిని కొలిచిన పద్ధతి చేయించండి. ఈజిప్టులోని సయీనీ ఊళ్లో, అంటే ఇప్పటి అస్వాన్‌లో, ఏడాదిలో ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అదే సమయానికి ఉత్తరాన అలెగ్జాండ్రియాలో నీడ పడుతుంది. ఆ నీడ చూపించిన కోణం పూర్తి వృత్తంలో 50వ వంతు. రెండు ఊళ్ల మధ్య దూరం 5,000 స్టేడియాలు (స్టేడియం ఆనాటి గ్రీకు దూరపు కొలత) కాబట్టి భూమి చుట్టుకొలత 2,50,000 స్టేడియాలని తేల్చాడు.

దీనికి మన హైదరాబాద్, ఆదిలాబాద్ ఇంకా బాగా సరిపోతాయి. ఆదిలాబాద్ హైదరాబాద్‌కు దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు నిలువు కర్రకు నీడ పడదు. ఆగస్టు 3 ప్రాంతంలో కూడా మధ్యాహ్నం ఒక క్షణం నీడ పడదు, కానీ అప్పుడు మబ్బులుంటాయి. మేలో ఆ రోజు అదే సమయానికి ఆదిలాబాద్‌లో ఉన్న స్నేహితులు ఎవరైనా మీటరు కర్ర నిలబెట్టి నీడ కొలవాలి. దారానికి బరువు కట్టి వేలాడదీసి, కర్ర నిట్టనిలువుగా ఉందో లేదో ముందే చూసుకోమనండి. నీడ ఉత్తరం వైపు సుమారు 4 సెంటీమీటర్లు పడుతుంది. అంచు మసకగా ఉంటుంది కాబట్టి ఆ మసక మధ్యలో గుర్తు పెట్టాలి. నీడ పొడవును కర్ర పొడవుతో భాగించి త్రికోణమితి టాన్ పట్టికలో చూస్తే కోణం 2.3 డిగ్రీల దగ్గర వస్తుంది. 360ని దాంతో భాగిస్తే సుమారు 156. బస్సు దూరం కాకుండా పటం మీద స్కేలు పెట్టి రెండు ఊళ్ల మధ్య నేరు దూరం చూస్తే సుమారు 250 కిలోమీటర్లు. గుణిస్తే 39,000. అసలు చుట్టుకొలత 40,000 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో, నీడ కొలతలో అర సెంటీమీటరు తప్పు పోతే జవాబు ఎంత మారుతుందో పిల్లల చేతే లెక్క కట్టించండి.